నీళ్ళు పడే అంచు

ఆ గదిలో "నొప్పిగా ఉందా?" అన్న ప్రశ్న ఎప్పుడూ లోవరాజునే అడిగేవారు.

అద్దానికి ఇవతల మైకు ముందు కూర్చుని యంత్రం నడిపే యేసుదాసు అడుగుతాడు. అవతల, పెద్ద తెల్లటి గొట్టంలో పడుకున్న లోవ "లేదు" అంటాడు. ఆ మాట స్పీకర్లోంచి చిన్నగా, పీపాలోంచి వచ్చినట్టు వస్తుంది. గొట్టం మూతి దగ్గర వంగి, మోచేయి దాటేదాకా చెయ్యి లోపలికి పెట్టి, వాడి వేళ్ళు పట్టుకుని నిలబడ్డ అమ్మ నవ్వుతుంది.

యేసుదాసు పక్కన కూర్చున్న లోవ అక్క సత్యవేణికి మొదట్లో ఆ నవ్వు ధైర్యంగా ఉండేది. ఈ మధ్య అది చూస్తే అరికాళ్ళు చల్లబడుతున్నాయి. యంత్రం టకటకలాడినంతసేపూ ఆ నవ్వు ఒక్కలాగే ఉంటోంది. నిజం నవ్వు అంతసేపు ఒక్కలాగ ఉండదు. వస్తుంది, పోతుంది, మధ్యలో కళ్ళు ఎటో చూస్తాయి. అమ్మ కళ్ళు మాత్రం అద్దంలోంచి తిన్నగా సత్యవేణినే చూస్తున్నాయి.

లోవకి జబ్బు చేసి అప్పటికి ఒక వానాకాలం దాటింది. బడి నుంచి వస్తూ వస్తూ కాలవ గట్టు మీద కూలబడి, "అక్కా, కాలు నా మాట ఇంటం లేదే" అన్నాడు. వెన్నులో నరాల మీద ఉండే పొర కరిగిపోతోందన్నారు డాక్టర్లు. మందు ఉంది. కానీ కరుగుతున్న చోటనే వెయ్యాలి. ఆ చోటు ఒక దగ్గర నిలవదు, వారానికో వైపు జరుగుతుంది. నరం పని చేస్తుండగా చూడగలిగితేనే అది దొరుకుతుంది. మామూలు స్కానింగు యంత్రాన్ని అంత వేగంగా నడిపితే లోవ తొడలు వాటంతట అవే ఎగిరిపడ్డాయి. ఛాతీ మీద గండుచీమలు కుట్టినట్టు కేకలు పెట్టాడు. ఫోటో అంతా చెదిరిపోయింది.

అందుకే వాళ్ళు తమ లంక ఊళ్ళోంచి బయల్దేరి, రేవు దాటి, బస్సు మారి, రైలెక్కి, విశాఖలో కొండ వాలున ఉన్న ఈ పరిశోధన ఆస్పత్రికి వస్తున్నారు. ఇక్కడి యంత్రంలో కొత్త రకం తీగచుట్ట ఉంది. దాన్ని తయారుచేసింది మృణాళిని గారు. సత్యవేణి పుట్టకముందు నుంచీ ఆవిడ ఆ ఒక్క చుట్ట మీదే పని చేస్తున్నారట.

"పొగ తాగరాదని ప్రతి గోడ మీదా రాసున్న ఆస్పత్రండి ఇది," అన్నాడు యేసుదాసు మొదటి రోజు. "చుట్ట ఉన్నది మాత్రం మా గదిలోనే."

"మా మావగారుండుంటే ఈ గదిలోనే మకాం పెట్టేసేవోరు బాబూ," అంది అమ్మ. అందరూ నవ్వారు. అప్పటి అమ్మ నవ్వు వచ్చింది, పోయింది.

మృణాళిని గారికి సత్యవేణి అంటే ఎందుకో ఇష్టం. మాట్లాడని పిల్లలు బాగా చూస్తారని ఆవిడ నమ్మకం. ఒకరోజు యంత్రం చల్లబడేదాకా ఆగాల్సి వచ్చింది. ఆవిడ పప్పుచెక్క విరిచి సగం సత్యవేణి చేతిలో పెట్టి, "మీ ఊళ్ళో పెళ్ళిపందిరికి టార్పాలిన్ కడతారా?" అని అడిగారు.

సత్యవేణి తల ఊపింది.

"వాన పడితే ఏమవుతుంది?"

"మధ్యలో నీళ్ళు నిలబడి కిందకి దిగిపోద్దండి."

"అప్పుడేం చేస్తారు?"

"కింద నుంచి కర్రతో ఎత్తుతారండి. నీళ్ళన్నీ అంచుకెళ్ళి పడిపోతాయి."

"మేం చేసేదీ అదే. లోపల అయస్కాంతం జోరుగా మారినప్పుడల్లా ఒంట్లో ఒక తోపు పుడుతుంది, కరెంటు తోపు. అది ఎక్కువైతే నరం దానంతటదే ఉలిక్కిపడుతుంది. మీ తమ్ముడికి గండుచీమలు కుట్టింది అందుకే. ఆ తోపుని అసలు లేకుండా చెయ్యడం ఎవరి వల్లా కాదు. అందుకని ఈ చుట్ట ముందు మెల్లగా తడిమి, లోపల పడుకున్న ఒళ్ళు ఎవరిదో, ఎంతుందో పోల్చుకుంటుంది. తర్వాత ఆ తోపుని ఒంటి మీద నుంచి ఎత్తి అంచుకి నెట్టేస్తుంది."

"అంచున ఏముంటాదండి?"

"గాలి."

సత్యవేణికి చిన్నాన్న పెళ్ళి గుర్తొచ్చి నవ్వొచ్చింది. "మా చిన్నాన్న పెళ్ళిలో అలా ఎత్తితే నీళ్ళన్నీ వీడియో ఆయన నెత్తిన పడ్డాయండి," అంది. ఆవిడతో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు. మృణాళిని గారు పప్పుచెక్క పొలమారేదాకా నవ్వారు. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. అద్దం అవతల అమ్మ ఎడం చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని నలుపుకుంటోంది.

*

అమ్మ పేరు మంగతాయారు. లేసు అల్లే ఊళ్ళో పుట్టి, లేసు అల్లే ఊరికే కోడలైంది. సూది చేతిలో ఉంటే అమ్మ వేళ్ళని చూడనక్కర్లేదు. టీవీ చూస్తూ, పొయ్యి మీద పాలు చూస్తూ, వీధిలో పోయేవాళ్ళతో మాట్లాడుతూ అల్లేస్తుంది. ఒక పువ్వుకి ఆరు రేకులు. పువ్వులన్నీ కలిపితే బల్ల గుడ్డకి అంచు. సత్యవేణికి తెలిసినంతలో అమ్మ ఎప్పుడూ విప్పి అల్లింది లేదు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని సత్యవేణి పువ్వుల్ని కలుపుతోంది. ఒక పువ్వు ఎంత సర్దినా పక్కదానితో కలవలేదు. లెక్కపెట్టింది. ఏడు రేకులున్నాయి. దాని కింద పువ్వుకి అయిదే ఉన్నాయి.

తలెత్తి చూసింది. అమ్మ సూది పట్టుకుని ఉంది, అల్లడం లేదు. కుడిచేతి చిటికెన వేలు దానంతటదే లోపలికి ముడుచుకుంది. తర్వాత ఉంగరం వేలు. తర్వాత మధ్య వేలు. ఎవరో అవతల నుంచి దారం లాగుతున్నట్టు ఒక్కొక్కటే ముడుచుకుని, ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. అమ్మ ఆ చేతిని వేరే ఎవరి చేతినో చూస్తున్నట్టు చూస్తోంది.

"ఎప్పట్నుంచమ్మా?"

"ఏది?"

"చెయ్యి."

"తిమ్మిరే. వయసొత్తంది గదా."

"యంత్రం దగ్గరేగా?"

గుమ్మం పక్కన లోవ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని పెరుగన్నం తింటున్నాడు. వాడిప్పుడు గోడ పట్టుకుని వంటింటిదాకా నడుస్తున్నాడు. పోయిన నెల కూర్చోబెడితే పడిపోయేవాడు. అమ్మ వాడి వైపు చూసి గొంతు తగ్గించింది.

"నీకు చెప్తే నోట్లో ఆగుద్దా?"

"నా నోట్లోంచి మాటే రాదని ఊరంతా చెప్తావుగా."

అమ్మ కాస్త నవ్వింది. ఇది నిజం నవ్వే. "మొదటి రోజున ఆ గొట్టం ముందు నిలబడి అంతర్వేది సామికి దణ్ణం పెట్టుకున్నానే. ఆడికి రాసిన నొప్పి ఏదుంటే అది నాకు మళ్ళించు సామీ అని. అలా అనుకున్నానో లేదో, చెయ్యి లోపలెట్టగానే వచ్చేసింది. ఎముకలోంచి తీగ లాగినట్టుంది. ఆడేమో చల్లగా పడుకున్నాడు. ఇంకేం కావాలి?"

"మేడం గారికి చెప్పవేంటమ్మా?"

"చెప్తే? అడిగి తెచ్చుకున్నది బయటపెడితే నిలుత్తదా? ఆడికే తిరిగెళ్ళిపోద్ది. ఇంకో రెండు సార్లే అన్నారు. వరస తప్పితే మళ్ళీ మొదటికొత్తదన్నారు." అమ్మ సత్యవేణి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో వేళ్ళు సన్నగా కొట్టుకుంటున్నాయి. "ఆడి తల మీద చెయ్యెయ్యి. నా సంగతి ఎవరితోనూ అనవని ఒట్టెయ్యి."

"అమ్మా..."

"ఎయ్యమన్నానా?"

సత్యవేణి లోవ తల మీద చెయ్యి పెట్టింది.

"నా తలెందుకు?" అన్నాడు లోవ మెతుకుల నోటితో.

"పేలున్నాయేమో చూత్తందిలే, తిను," అంది అమ్మ.

సాయంత్రం వాన పట్టింది. అరుగు మీదకి జల్లు కొట్టకుండా నాన్న రొయ్యల చెరువు దగ్గర్నుంచి తెచ్చిన పాత టార్పాలిన్ చూరుకి కట్టి ఉంది. దాని కడుపు నిండి వేలాడుతుంటే, లోవ గోడకి చేరగిలబడి చీపురుకర్రతో కింద నుంచి పొడిచాడు. నీళ్ళు అంచుకి జారి భళ్ళున పడ్డాయి. సరిగ్గా అప్పుడే పిడకలు తీసుకుని లోపలికొస్తున్న అమ్మ నెత్తిన పడ్డాయి.

"ఓరి నీ దుంప తెగ," అని అమ్మ, నవ్వుతూ లోవ, తడిసిన పిడకలు.

సత్యవేణి నవ్వలేదు. ఆమె ఆ అంచునే చూస్తోంది. అమ్మకి వస్తున్నది ఏ సామీ పంపింది కాదు. గొట్టం మూతి దగ్గర ఉన్నది గాలి కాదు. అక్కడ అమ్మ నిలబడుతోంది.

*

తర్వాతి వంతుకి వెళ్ళినప్పుడు సత్యవేణి దారంతా ఒకే వాక్యం కట్టుకుంది. దాన్ని రైల్లో కట్టుకుంది, కొండ మెట్ల మీద కట్టుకుంది, గది బయట బల్ల మీద కూర్చుని కట్టుకుంది. మా అమ్మకి నొప్పి వస్తోందండి. నాలుగే మాటలు. అవి గొంతు దాకా రావడం, లోవ తల వేడి అరచేతికి గుర్తు రావడం, మళ్ళీ కిందికి పోవడం. చెబితే యంత్రం ఆపేస్తారు. ఆపేస్తే లోవ మళ్ళీ కూర్చోబెడితే పడిపోతాడు. చెప్పకపోతే?

అయస్కాంతం ఉన్న గదిలోకి లోహమేదీ తేకూడదు కాబట్టి అమ్మ మంగళసూత్రాలు తీసి పళ్ళెంలో పెట్టింది. మెడలో పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వచ్చింది. మొదటి రోజు నుంచీ అంతే.

"పిన్నీసులు అక్కా?" అన్నాడు యేసుదాసు.

"ఎన్నిసార్లు తీయిత్తావు బాబూ. చీర జారిపోతే నీదే పూచీ."

ఈసారి అమ్మ ఎడమ చెయ్యి లోపల పెట్టింది. కుడి చెయ్యి సూదిని పట్టడం మానేసి వారమైంది. ఎడమదాన్ని మాత్రం మిగల్చడం ఎందుకనుకుందో, కుడిచేతిలో మిగిలిందేదో కాపాడుకుందామనుకుందో సత్యవేణికి తెలియదు. ఎడమ చెయ్యి గుండె వైపుది అన్నది మాత్రం తెలుసు.

యంత్రం ముందు మెల్లగా టిక్కు టిక్కుమంది, చీకట్లో అగ్గిపెట్టె కోసం తడిమినట్టు. తర్వాత మోత మొదలైంది. తెర మీద లోవ ఒళ్ళు నీలంగా వెలిగింది. నీలమంటే నెమ్మది. ఆ నీలం అంచు దగ్గర మోచేయి దాకా తెగిన చెయ్యి ఒకటి బూడిద రంగులో కనిపించింది. యంత్రం దానికి రంగు వెయ్యలేదు. దానికి ఆ చెయ్యి ఎవరిదీ కాదు.

"చూశారా యేసుదాసు గారూ," అన్నారు మృణాళిని గారు. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "ప్రతిసారీ నేర్చుకుంటోంది. పోయినసారి కన్నా శుభ్రంగా నెట్టేస్తోంది."

సత్యవేణి లేచింది. "మేడం."

ఆవిడ తిరిగారు. "ఏంటమ్మా?"

అద్దం అవతల అమ్మ నవ్వుతోంది. ఆ కళ్ళు సత్యవేణిని వదలలేదు. అమ్మ పెదవుల చుట్టూ చర్మం సున్నం పూసినట్టుంది.

"ఏం లేదండి."

"లోవా, నొప్పిగా ఉందా?" అన్నాడు యేసుదాసు మైకులో.

"లేదు."

బయటికొచ్చాక అమ్మ మంగళసూత్రాలు వేసుకోలేకపోయింది. కొక్కెం రెండుసార్లు జారింది. సత్యవేణి వెనకకి వెళ్ళి పెట్టింది. అమ్మ మెడ తడిగా ఉంది.

"ఇక్కడ చేప కొట్టుకున్నట్టయిందే," అంది అమ్మ రవిక మీద చెయ్యి పెట్టుకుని. వెంటనే, "తగ్గిపోయిందిలే. ఇంకొక్కసారేగా," అంది.

*

కడసారి వంతు రోజున యంత్రాన్ని పూర్తి వేగంతో నడపాలన్నారు. మిగిలిన చోట్లు చాలా సన్నగా ఉన్నాయట. లోవ కదలకుండా ఎక్కువసేపు పడుకోవాలి. మృణాళిని గారు వాడికి చెబుతుంటే వాడు అన్నిటికీ సరేనన్నాడు. ఒక్కటే షరతు. "చెయ్యి వదలకూడదు."

"వదలను నాన్నా," అంది అమ్మ.

సత్యవేణి అప్పటికే కూర్చుని కాళ్ళ పట్టీలు విప్పుతోంది. చెవి జూకాలు తీసింది. జడలో పిన్నులు ఒక్కొక్కటే లాగి పళ్ళెంలో వేసింది. వోణీకి పెట్టిన పిన్నీసు తీసింది. అవి పళ్ళెంలో పడిన చప్పుడుకి యేసుదాసు తల తిప్పాడు.

"ఇవాళ తమ్ముడి చెయ్యి నేను పట్టుకుంటానండి," అంది.

అమ్మ చేతిలో పసుపుతాడు ఆగిపోయింది. "నువ్వెందుకే? కూర్చో."

"నీకు నడుం నొప్పన్నావుగా. అంతసేపు వంగుని ఉండగలవా?"

"ఉంటాను. నువ్వు కూర్చో అన్నానా."

"పోనీలెండి అక్కా," అన్నాడు యేసుదాసు. "చిన్నది సరదా పడుతోంది. చెయ్యి పట్టుకోవడమేగా, ఏమవుద్ది?"

అమ్మ నోరు తెరిచింది. ఏమవుద్దో ఆ గదిలో అమ్మకీ సత్యవేణికీ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పాలంటే అంతా చెప్పాలి. చెప్పకుండా ఆపడానికి మాట వెతుక్కుంది. "అది... చిన్నపిల్లండి. భయపడుద్ది."

"నాకు భయం లేదు," అంది సత్యవేణి. అమ్మ సంగతి ఎవరితోనూ అననని ఒట్టేసింది. తన సంగతి అననని వెయ్యలేదు. ఇంటి దగ్గర అరుగు మీద రాత్రుళ్ళు దొర్లి దొర్లి ఆమెకి దొరికిన సందు అదొక్కటే.

"వెళ్ళనివ్వండమ్మా," అన్నారు మృణాళిని గారు. "మీ మొహం వాడిపోయి ఉంది. కాస్త కూర్చోండి."

గదిలో చలి. గొట్టం మూతి నోటిలా గుండ్రంగా ఉంది. సత్యవేణి వంగి చెయ్యి లోపలికి చాచింది. లోవ వేళ్ళు వెచ్చగా, చెమటగా వచ్చి ఆమె వేళ్ళలో దూరాయి.

"అక్కా, నువ్వా? అమ్మేది?"

"అక్కడే ఉంది. కదలకు."

టిక్కు. టిక్కు. టిక్కు. చుట్ట లోవని తడుముతోంది. పాదాలు, మోకాళ్ళు, పొట్ట, భుజం, చెయ్యి, వేళ్ళు. అక్కడితో ఆగింది.

మోత మొదలైంది.

మొదట ఏమీ లేదు. అంతా తన ఊహేమో అనుకుంది సత్యవేణి. ఆ అనుకోవడం పూర్తవకముందే మోచేతి దగ్గర ఏదో పట్టుకుంది. బయటి నుంచి కాదు, లోపలి నుంచి. చిటికెన వేలు ముడుచుకుంది. ఆమె ముడవలేదు. ముంజేతి కండ దోసిట్లో చేపపిల్లలా ఎగిరింది. ఎముకలోంచి తీగ లాగినట్టు అని అమ్మ చెప్పిన మాట సరిగ్గా సరిపోయింది. అమ్మ దీన్ని నవ్వుతూ భరించిందన్నది మాత్రం దేనితోనూ సరిపోలేదు.

అరవాలని ముందే అనుకుంది. గొంతు రాలేదు. బడిలో లేపి నిలబెట్టినప్పుడు రానట్టే, చుట్టాల ముందు పాట పాడమన్నప్పుడు రానట్టే, ఇప్పుడూ రాలేదు. నొప్పి భుజం దాకా పాకింది. చెయ్యి లాక్కోవచ్చు. లాక్కుంటే లోవ కదులుతాడు. రేపు మళ్ళీ అమ్మ నిలబడుతుంది.

"అక్కా, నీ చెయ్యి గెంతుతోందే," అన్నాడు లోవ.

అప్పుడు స్పీకర్లో యేసుదాసు గొంతు వచ్చింది. "లోవా, నొప్పిగా ఉందా?"

లోవ నోరు తెరిచేలోగా సత్యవేణి అంది.

"ఉంది."

మోత. స్పీకర్లో గరగర. "ఏంటి లోవా? మళ్ళీ చెప్పు."

"లోవకి కాదండి," అంది సత్యవేణి. ఈసారి ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నాకు. నాకు నొప్పిగా ఉంది."

మోత ఆగకముందే తలుపు తోసుకుని అమ్మ వచ్చేసింది. వెనక యేసుదాసు ఏదో అరుస్తున్నాడు. అమ్మ సత్యవేణి నడుం పట్టుకుని వెనక్కి లాగి తన వెనక నిలబెట్టుకుంది, కుక్క నుంచి అడ్డం పెట్టినట్టు. యంత్రం వైపు తిరిగి, దానికే చెబుతున్నట్టు చెప్పింది.

"నేనడిగింది నాకు. దానిక్కాదు. దానికిమ్మని నేను అడగలేదు."

యంత్రం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మృణాళిని గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అమ్మ వేళ్ళు సత్యవేణి భుజం మీద ఒక్కొక్కటే ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉండటం ఆవిడ చూశారు. ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది.

"ఎప్పట్నుంచమ్మా?" అన్నారు.

*

నరాల డాక్టరు అమ్మ రెండు చేతులకీ పరీక్షలు చేశాడు. గుండె బాగానే ఉందన్నాడు. ఎడమ చెయ్యి కొన్నాళ్ళకి సర్దుకుంటుందన్నాడు. కుడి ముంజేతిలో నరం అలిసిపోయిందని, మళ్ళీ సూది పట్టడం గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేనని అన్నాడు. అమ్మ అన్నిటికీ "అలాగేనండి" అంది.

తర్వాత వరండాలో మృణాళిని గారు వచ్చి వాళ్ళ పక్కన కుర్చీలో కాకుండా బల్ల మీద, సత్యవేణికి ఆనుకుని కూర్చున్నారు.

"టార్పాలిన్ మాట నీకు చెప్పింది నేనే," అన్నారు. "చెబుతున్నప్పుడు కూడా మీ అమ్మ నా కళ్ళెదురుగానే ఉంది. ఇన్నేళ్ళూ పడుకున్నవాళ్ళనే అడిగాను నొప్పి ఉందా అని. నిలబడ్డవాళ్ళని ఒక్కసారీ అడగలేదు. తప్పు నాదమ్మా. ఇది పైవాళ్ళకి రాసిచ్చాను. చుట్టకి చెయ్యి పట్టుకున్నవాళ్ళని కూడా పోల్చుకోవడం నేర్పేదాకా మూతి దగ్గర ఎవరూ నిలబడరు."

"మరి మా ఆడికి?" అంది అమ్మ. "నేను నిలబడకపోతే ఆడికొచ్చేత్తదిగా?"

"రాదమ్మా."

"రాదా?"

"అది లోవ నొప్పి కాదు. వాడి మీద నుంచి అప్పటికే తీసేసింది. మీరక్కడ లేకపోతే ఉత్త గాలిలోకి పోయేది. గచ్చు మీద పడేది."

అమ్మ ఆ మాటని లోపల ఎక్కడో పెట్టుకోవడానికి చోటు వెతుకుతున్నట్టు కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్ళో దాని పాటికి అది అల్లుకుంటోంది, దారం లేకుండా, సూది లేకుండా.

"అంటే ఊరికేనా?" అంది.

మృణాళిని గారు తల వంచుకున్నారు.

"ఊరికే ఎందుకవుద్ది?" అంది సత్యవేణి. "నువ్వు చెయ్యి పట్టుకోపోతే ఆడు కదలకుండా పడుకునేవోడా? ఒక్క ఫోటో అయినా వచ్చేదా?"

అమ్మ ఆమె వైపు చూసింది. "నీకిన్ని మాటలెప్పుడొచ్చాయే?"

"ఇవాళే."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. అసలు చిక్కు అప్పటికి ఎవరూ ఎత్తలేదు. దాన్ని లోవే ఎత్తాడు, తలుపు పట్టుకుని నిలబడి. "చెయ్యి పట్టుకోకపోతే నేను పడుకోను."

వంతు మర్నాటి కన్నా ఆలస్యమైతే వరస తప్పుతుంది. మృణాళిని గారు వాడికి చెప్పి చూశారు. యేసుదాసు చాక్లెట్టు ఆశ పెట్టాడు. వాడు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అమ్మ సంచిలోకి చెయ్యి పెట్టి దారపు ఉండ తీసింది. వేళ్ళలో అది నిలవక గచ్చు మీద దొర్లింది. సత్యవేణి వెళ్ళి తెచ్చింది.

"ఇది నూలేనండి," అంది అమ్మ. "దీంట్లోంచి ఏం పాకదుగా?"

మృణాళిని గారు దారం చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య నలిపారు. "పొడిగా ఉంటే పాకదు," అన్నారు. "రాత్రికి తడవకుండా దాచండి."

చెయ్యికి బదులు పట్టుకోవడానికి సత్యవేణి ఆ దారంతో పొడుగ్గా గొలుసు అల్లింది. అమ్మ పక్కన కూర్చుని, బిగువు తగ్గించు, అక్కడ వదులైంది, అంటూ చెప్పింది. చివర ఒక బెత్తెడు ఉందనగా, "ఇలా ఇయ్యి," అని సూది తీసుకుంది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, ఒక్కో కుట్టుకీ ఆగుతూ అల్లింది. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి మెలిపడింది. సత్యవేణి విప్పమనలేదు. అమ్మా విప్పలేదు.

మర్నాడు గొట్టం మూతి నుంచి దూరంగా నేల మీద పసుపు టేపు అంటించి ఉంది. ఎక్కడిదాకా అంచో మృణాళిని గారు పొద్దున్నే పరికరంతో కొలిచి, తర్వాత తన చెయ్యి చాచి చూసి మరీ అంటించారట. లోవ పడుకున్నాడు. దారం చివర వాడి వేలికి ముడేశారు. అవతలి చివర అమ్మ ఎడమచేతి వేలికి. అమ్మ టేపుకి ఇవతల, గోడకి ఆనుకుని నిలబడింది. మృణాళిని గారు పక్కనే నిలబడ్డారు. ఆవిడ ఇంతవరకూ మోత జరుగుతుండగా ఆ గదిలో ఉండలేదు.

అద్దం ఇవతల సత్యవేణి తెర దగ్గరికి జరిగింది. టిక్కు, టిక్కు. తర్వాత మోత. తెర మీద లోవ నీలంగా వెలిగాడు. అంచున బూడిదరంగు ఏదీ లేదు. వట్టి నలుపు.

"లోవా, నొప్పిగా ఉందా?"

"లేదు," అన్నాడు లోవ. కాసేపాగి, "దారం ఉంది," అన్నాడు.

యేసుదాసు మైకు మూసేస్తూ ఉంటే సత్యవేణి అతని చెయ్యి పట్టుకుంది. అతనికి అర్థమయ్యి మైకు ఆమె వైపు జరిపాడు. ఆమె దాని మీదకి వంగింది.

"అమ్మా, నీకు?"

గదిలో అమ్మ తలెత్తింది. అలవాటుగా నవ్వు రాబోయింది. సగంలో ఆగిపోయింది. మొహం వణికింది. అమ్మ అద్దంలోంచి కూతురిని చూస్తూ చెప్పింది.

"ఉందే. ఇప్పటిది కాదు. అప్పటిది. బాగా ఉంది."

మృణాళిని గారు అమ్మ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. లోపల లోవ దారాన్ని ఒకసారి లాగి చూసుకున్నాడు, ఉందా లేదా అని. అమ్మ తిరిగి లాగింది.